యూకే వస్తున్నా, అక్కడ టాటూ పని చేసుకోవచ్చా?

నమస్తే అండి. మాది బెజవాడ. బీసెంట్ రోడ్డు దగ్గర ఒక షాపులో టాటూ పని నేర్చుకుని అక్కడే వేస్తున్నాను. సెప్టెంబరులో మాస్టర్స్‌కి బర్మింగ్‌హామ్ వస్తున్నా. పార్ట్‌టైమ్‌గా ఇదే చేసుకోవచ్చా? మెషీన్, ఇంకులు ఇక్కడి నుంచే తెచ్చుకోవాలా?

జవాబు:

తమ్ముడూ, మాది గుంటూరు, బ్రాడీపేట. నేనూ ఇక్కడ యూకేలో ఇదే పనిలో ఉన్నాను. ముందు వీసా సంగతి చూసుకో. స్టూడెంట్ వీసా మీద, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయొచ్చని అందరూ చెప్తారు. సెల్ఫ్ ఎంప్లాయిడ్‌గా చేయకూడదన్న ముక్క మాత్రం చాలామంది చెప్పరు. ఇక్కడ టాటూ ఆర్టిస్టుల్లో ఎక్కువమందికి జీతం ఉండదు. కుర్చీకి అద్దె కడతారు, లేదా వచ్చినదాంట్లో షాపుకి వాటా ఇస్తారు. లెక్కల్లో అది సెల్ఫ్ ఎంప్లాయిడే. నీ పని నచ్చి ఓనరు రేపట్నించి వచ్చెయ్యమన్నా, ఆ పద్ధతిలో చేరితే నీ వీసాకే ఎసరు. పేరోల్ మీద తీసుకునే షాపు దొరికితే మంచిదే, కానీ అరుదు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా, అదే మనవాళ్లు పీఎస్‌డబ్ల్యూ అంటారే, దానికి ఈ అడ్డు లేదు. ఆ తర్వాత ఈ పని మీద స్పాన్సర్‌షిప్ వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు.

రూమ్మేట్లు ఊరుకోరు. 'అన్నా, అమ్మ పేరు ఒక్కటి వేసెయ్యవా' అంటారు. వెయ్యకు. ఇంగ్లండ్‌లో 1982 నాటి చట్టం కింద (లండన్‌కి వేరే చట్టం) వేసే మనిషీ, వేసే చోటూ కౌన్సిల్లో (మన మున్సిపాలిటీ లాంటిది) రిజిస్టరై ఉండాలి. వేల్స్‌లో అయితే 2024 నవంబరు 29 నుంచి లైసెన్సే కావాలి. పద్దెనిమిది నిండనివాళ్లకి అమ్మానాన్నలు పక్కనే ఉండి సరేనన్నా వేయకూడదు, 1969 నుంచీ అంతే. ఇంటర్ పిల్లలకి వేసే అలవాటు ఉంటే అక్కడే వదిలేసి రా.

మెషీన్ తెచ్చుకో, చేతికి అలవాటైంది కదా. వైర్‌లెస్‌దైతే విడి బ్యాటరీలు క్యాబిన్ బ్యాగులోనే పెట్టు. ఇంకులు, సూదులు మోసుకురావద్దు, షాపువాళ్లు తాము కొన్నవే వాడమంటారు. హెపటైటిస్ బీ టీకా ఇప్పుడే మొదలుపెట్టు. మామూలుగా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. కార్డు దాచుకో.

సెప్టెంబరు దాకా నువ్వు చేయాల్సిన అసలు పని ఫోటోలు తీయడం. వేసిన వెంటనే తీస్తే ఎవరి పనైనా మెరుస్తూనే ఉంటుంది. ఇక్కడ అడిగేది మానిన తర్వాత తీసినవి. పాత కస్టమర్లకి ఫోన్ చేసి పిలిపించుకుని, నీడపట్టున పగటి వెలుతురులో తీయి. గీత నిలిచిందా, చర్మం కింద పాకిపోయిందా అన్నది వాటిలోనే తెలుస్తుంది. చామనచాయ ఒంటి మీద పసుపూ తెలుపూ ఎలా తేలిపోతాయో, నలుపు ఎంత చిక్కగా పెట్టాలో నీ చేతికి తెలుసు. తెల్ల చర్మం మీదే చెయ్యి తిరిగినవాళ్లకి అది అంతగా తెలియదు. అందుకే ఆ ఫోటోలు నీ పని చూపించే ఆల్బమ్‌లో ముందు పేజీల్లో పెట్టు.

త్రిశూలాలూ ఇన్ఫినిటీ గుర్తులూ రెండు మూడు చాలు. పెడన కలంకారీ తీగలు గీయి. మన అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ప్రవేశం ఉచితం. స్కెచ్‌బుక్ పట్టుకెళ్లి ఆ పద్మాలు గీసుకో, గీత ఎంత శుభ్రంగా ఉంటుందో! (మడమ మీద వినాయకుణ్ణి వేయమనేవాళ్లూ తగుల్తారు. నేనైతే భుజానికి మార్చమని బతిమాలతా, వినకపోతే వేరేవాళ్ల దగ్గరికి పంపిస్తా. నీ ఇష్టం నీది.)

ఇంకో జవాబు:

అన్నయ్యగారు చెప్పినవన్నీ సరే గానీ, చదువయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు బాబూ. టాటూ షాపులో రిసెప్షన్, క్లీనింగ్ పనులకి పేస్లిప్ ఇచ్చి తీసుకునేవాళ్లు ఉంటారు. 20 గంటలు దాటకుండా అది చేయి. బుకింగులు ఎలా నడుస్తాయో, అడ్వాన్సు ఎంత తీసుకుంటారో, ఎవరి దగ్గర నేర్చుకోవచ్చో కళ్లారా చూస్తావు. నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ అంటూ వేల పౌండ్లు అడిగే కోర్సుల జోలికి పోకు. డబ్బు కట్టే ముందు ఇక్కడ ఒక మాట అడుగు.