నాలుగేళ్ల పాప, పాలు తప్ప ఏదీ ముట్టదు: గుడ్డు కూడా తినని ఇళ్లలో ఏం పెడుతున్నారు?

వైట్‌ఫీల్డ్_అమ్మ:
మా పాపకి 4 ఏళ్ల 2 నెలలు, బరువు 13.2 కిలోలు. పోయినేడాది ఇదే టైముకి 12.4 ఉండేది, అంటే ఏడాదంతా కలిపి కిలో కూడా రాలేదు. మాది శాకాహారం, గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. పొద్దున లేవగానే చాక్లెట్ పొడి కలిపిన పాలు, అవి తాగాక టిఫిన్ దగ్గర నోరు బిగిస్తుంది. స్కూలు డబ్బాలో దోసె సగం వెనక్కి వస్తుంది. మధ్యాహ్నం ఫోన్‌లో బొమ్మలు పెడితే పెరుగన్నం నాలుగు ముద్దలు. సాయంత్రం పాలు, బిస్కెట్లు. రాత్రి అన్నం వద్దంటే ఖాళీ కడుపుతో పడుకుంటుందేమోనని మళ్ళీ పాలు. పప్పులో కరివేపాకు కనిపించిందా, కంచం అవతలికే. మా అత్తగారు వీడియో కాల్ చేసినప్పుడల్లా "పిల్లకి ఏమీ పెట్టట్లేదా" అంటుంటే ఏడుపొస్తోంది. మంచి టానిక్ ఏదైనా ఉంటే చెప్పండి.

మారతహళ్లి_నాన్న:
టానిక్ సంగతి తర్వాత. రోజుకి మొత్తం పాలు ఎన్ని? గ్లాసుల్లో వద్దు, కొలిచి చెప్పండి.

వైట్‌ఫీల్డ్_అమ్మ:
ఇప్పుడే కొలిచాను. గ్లాసుకి 250 మి.లీ. పడుతోంది. మూడు గ్లాసులు ఖాయం, అన్నం మానేసిన రోజు నాలుగు. ఇంత అని నేనూ అనుకోలేదు.

మారతహళ్లి_నాన్న:
అదేనండి. మా వాడిదీ అచ్చం ఇదే. 750 మి.లీ. టోన్డ్ పాలంటే 430 కేలరీల దాకా ఉంటాయి. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క రోజుకి 1,360, అదీ 18 కిలోల పిల్లలకి వేసిన లెక్క. అంటే మీ పాప పొట్టలో మూడో వంతు పాలకే పోతోంది, చాక్లెట్ పొడిలో చక్కెర అదనం. ఇక ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? ఇంకో తిరకాసు ఏంటంటే పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, పైగా అన్నంతో పాటు పాలు తాగితే తిన్నదాంట్లోని ఐరన్ కూడా సరిగ్గా ఒంటికి పట్టదు, ఐరన్ తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేదని మనం మళ్ళీ పాలే పోస్తాం. మేం వెళ్ళిన మొదటి డాక్టరు ఆకలి సిరప్ రాసి రెండు నిమిషాల్లో పంపించేశారు, అది ఆపగానే మళ్ళీ మొదటికే. రెండో ఆవిడ రక్తపరీక్ష రాశారు, హిమోగ్లోబిన్ 9.6. ఈ వయసులో 11 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మీరు కూడా హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) రెండూ చూపించండి. పాలు 400 దాటనివ్వకండి, అదీ అన్నం తిన్న రెండు గంటల తర్వాతే. మొదటి మూడు రోజులు ఇల్లు కురుక్షేత్రమే, ముందే చెప్తున్నా.

హెబ్బాళ_వంశీ:
గుడ్డు పెట్టేయండి, గొడవ ఉండదు.

జయనగర్_సుధ:
ఇంట్లో తినరని ఆవిడ మొదటి వాక్యాల్లోనే చెప్పారు కదా బాబూ. గుడ్డు లేకపోయినా పాలు, పెరుగు, పనీర్ ఉన్న ఇంట్లో బి12 దొరుకుతుంది. అందుకే పాలు తగ్గించమంటున్నాం గానీ మానమనట్లేదు. ప్రోటీన్ పొడి కొనాలనుకుంటే ముందు లెక్క చూడండి, ఈ వయసుకి రోజుకి కావలసింది 16 గ్రాములే. 400 మి.లీ. పాలతోనే 12 వస్తుంది, ఒక చిన్న కప్పు ముద్దపప్పు, కాస్త పెరుగుతో మిగతాది పూర్తవుతుంది. మీ పాపకి తక్కువైంది మొత్తం తిండి, కొవ్వు, ఐరన్. ఆ డబ్బుతో మంచి నెయ్యి కొనండి, ఒక చెంచాకి 45 కేలరీలు. నాలుగు ముద్దలే తినే పిల్లకి ఆ నాలుగు ముద్దల్లోనే బలం దూర్చాలి.

కేఆర్‌పురం_అమ్మమ్మ:
సుధమ్మ చెప్పిందే నా మాట. మేం మూడు తరాలుగా బెంగళూరులోనే, ముగ్గురు మనవళ్ళని పెంచాను, అందులో ఒకడు మీ పాపకి అన్న లాంటివాడు. వాడికి కూర అంటే పడదు, గుండ్రంగా ఉంటే తింటాడు! అందుకని గుంత పొంగణాల పిండిలో క్యారెట్ తురుము, సన్నగా తరిగిన మెంతికూర, నువ్వుల పొడి కలిపి నెయ్యితో కాల్చేదాన్ని. పొద్దున ఒక సున్నుండ, సాయంత్రం ఒకటి, అది పాలకన్నా బరువైన తిండి. పల్లీలు గింజలుగా ఇవ్వొద్దు తల్లీ, ఐదేళ్ళు రాకముందు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది, పొడి కొట్టో చట్నీ చేసో పెట్టు. కరివేపాకుతో గొడవైతే కరివేపాకు పొడి చేసి నెయ్యన్నంలో కలుపు, ఆకు కనిపించదుగా. రాగి జావ కన్నా రాగి సంగటి మేలు, జావలో నీళ్ళే ఎక్కువ. డిసెంబరు నుంచి మార్కెట్లో అవరెకాళు వస్తాయి, మా వైపు అనపకాయలంటాం, గింజలు నానబెట్టి తొక్క పితికి పితుకుపప్పు చేస్తే మా పిల్లలు పప్పు అనే సంగతే మర్చిపోయి తినేవాళ్ళు. పితకడం వాళ్ళకే అప్పగించు. చేత్తో ముట్టుకున్నది నోట్లోకి తొందరగా వెళ్తుంది. పప్పులోనో ఆకుకూరలోనో చివర్లో నిమ్మరసం పిండు, ఐరన్ ఒంటికి పడుతుంది.

బెళ్ళందూరు_దీపు:
రెండు సంగతులు ఎవరూ అడగలేదు. పాపకి మోషన్ రోజూ అవుతోందా? మా అమ్మాయికి మలబద్ధకం, మూడు రోజులకోసారి. కడుపు నిండుగా ఉంటే ఎవరికి ఆకలేస్తుంది? అది సర్దుకోగానే తిండి పెరిగింది. రెండోది నులిపురుగుల మందు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో అల్బెండజోల్ ఇస్తారు, ప్రైవేటు ప్లేస్కూలైతే ఇచ్చారో లేదో మనమే అడగాలి.
ఫోన్ గురించి కూడా ఒక మాట. ఫోన్ పెట్టి తినిపిస్తే నాలుగు ముద్దలు లోపలికి వెళ్తాయి నిజమే, కానీ తిన్న సంగతి పిల్లకే తెలియదు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మనం చూసుకోవాలి, ఎంత తినాలో వాళ్ళకి వదిలేయాలి అని ఎలిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి ఒకటుంది. మా అమ్మ విని "వదిలేస్తే గాలి తిని బతుకుతుందా" అంది. మొదటి వారం నిజంగా గాలే తిన్నట్టుంది. పది రోజులకి తనే కంచం తెచ్చుకుంది. కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే మానేయకండి, పది పదిహేను సార్లు కంటికి కనపడాలి, చెంచాడు చాలు.

జయనగర్_సుధ:
అత్తగారి మాట పక్కన పెట్టి డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) వయసుకి తగ్గ బరువు చార్టులో చూడండి. మీ పాప 3వ, 15వ గీతల మధ్య ఉంది (3వ గీత అంటే ఆ వయసు పిల్లలు వందమందిలో ముగ్గురే అంతకన్నా తక్కువ బరువుంటారు), అదొక్కటే అయితే భయం లేదు, సన్నపు పిల్లలు అలాగే ఉంటారు. కానీ పోయినేడాది 15కి దగ్గరగా ఉండి ఇప్పుడు 3 వైపు జారింది. ఈ వయసులో ఏడాదికి రెండు కిలోల దాకా పెరగాలి. కాబట్టి డాక్టర్ని కలవడం మాత్రం వాయిదా వేయకండి, ఎత్తు కూడా రాయించండి.

వైట్‌ఫీల్డ్_అమ్మ (ఏడు వారాల తర్వాత):
అందరికీ చెప్పాలని వచ్చాను. హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది, ఫెర్రిటిన్ బాగా తక్కువ. ఐరన్ చుక్కలు ఇచ్చారు, పాలతో కలపకుండా నిమ్మరసం తాగించి వేస్తున్నాం, పళ్ళు నల్లబడకుండా నాలుక వెనకగా. మోషన్ నల్లగా వస్తే కంగారుపడొద్దని ముందే చెప్పారు, అయినా పడ్డాను. పాలు రెండు చిన్న గ్లాసులకి దించాం, చాక్లెట్ పొడి డబ్బా పైఅర మీద దాచాను. మొదటి నాలుగు రోజులు మా ఆయన నామీద అరిచారు, నేను పాప మీద అరిచాను. ఇప్పుడు 13.6. స్కూలు డబ్బా వారంలో మూడు రోజులు ఖాళీగా వస్తోంది, పొంగణాలు పెట్టిన రోజు తప్పకుండా. ఫోన్ రాత్రి మానేశాం, మధ్యాహ్నం ఆయమ్మ ఉన్నప్పుడు ఇంకా నడుస్తోంది, అబద్ధం ఎందుకు. కరివేపాకు మీద పగ అలాగే ఉంది.
అమ్మమ్మగారూ, సున్నుండలకి మినుములు పొట్టుతోనా, పొట్టు తీసినవా? పొట్టుతో చేస్తే నల్లగా ఉందని ముట్టుకోలేదు.

కేఆర్‌పురం_అమ్మమ్మ:
ఈసారికి మినపగుళ్ళతో చెయ్యి. సన్న సెగ మీద ఎర్రగా వేయించు, మాడితే చేదు. రుచి మరిగాక గుప్పెడు పొట్టువి కలుపు, కనిపెట్టదు. బెల్లం తురిమి వేసుకో, పాకం అక్కర్లేదు.