జిప్సీకి కమాన్ కట్టలు మార్చాలా, షాకులు మారిస్తే సరిపోతుందా?

అందరికీ నమస్తే. నాది 2010 మోడల్ మారుతి జిప్సీ, పాడేరు దగ్గర కాఫీ తోటకి వెళ్లి రావడానికే వాడతాను. దీనికి ముందూ వెనకా కమాన్ కట్టలే (ఉక్కు పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులు), బండి బరువేమో టన్నుకి అటూ ఇటూగా, అందుకే ఖాళీగా వెళ్తే రాళ్ల దారిలో ఎగిరెగిరి పడుతుంది, వెనకాల నాలుగు బస్తాలు వేస్తే మాత్రం హాయిగా పోతుంది. మొన్న నాన్నని తీసుకెళ్తే, దిగాక నడుం పట్టుకుని రెండు నిమిషాలు అలాగే నిలబడిపోయారు. ఆయనకి 68 ఏళ్లు, తోట చూడకుండా ఉండలేరు.

కిందకి దూరి చూశాను. వెనక కుడివైపు షాక్ (ఊపు ఆపే షాక్ అబ్జార్బర్) నుంచి ఆయిల్ కారి దుమ్ము ముద్దలా అంటుకుంది, షెకిల్ బుష్షులు (కమాన్ కట్ట చివర బిగించే రబ్బరు ముక్కలు) పగిలాయి, పట్టీల మధ్య తుప్పు.

మెకానిక్ ఒక పట్టీ తీసేస్తే మెత్తబడుతుంది అంటున్నాడు, కానీ బస్తాలు వేసినప్పుడు మిగతావి కూర్చుండిపోతాయేమోనని నా టెన్షన్. ఇంకొకాయన పారాబోలిక్ కమాన్లు వేయమన్నారు. వాటిలో పట్టీలు తక్కువ, ఒకదానికొకటి రాసుకోవు, కాబట్టి మెత్తగా ఉంటాయి, అయితే ఆ రాపిడి పోయాక ఊపు ఆపే పనంతా షాకుల మీదే పడుతుంది కదా, మరి గ్యాస్ నింపిన షాకులు కూడా తప్పవా?

ఎత్తు పెంచే ఉద్దేశం అస్సలు లేదు, ఘాట్ మలుపుల్లో బండి ఒరిగితే నాకు భయం. బడ్జెట్ 40 వేలు. ముందు బుష్షులు, షాకులు మార్చి, పట్టీలు విప్పి శుభ్రం చేయించి చూడమంటారా? పారాబోలిక్ వేసి బరువు మోసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, ఈ పంట కోతలోపే పని చేయించాలి.