విమెన్స్ బ్రాకెట్‌లో 4, 5 సీడ్ల మధ్య ఇంత తేడా ఉంటుందా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో చదువుతోంది. దాని పోరు పడలేక ఈసారి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) విమెన్స్ బాస్కెట్‌బాల్ టోర్నీ బ్రాకెట్, అంటే ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పట్టిక, నింపుతున్నాను. 68 టీములు, నాలుగు రీజియన్లు, ఒక్కో దాంట్లో 1 నుంచి 16 దాకా సీడ్లు (బలాన్ని బట్టి ఇచ్చే ర్యాంకులు, 1 అంటే అందరికన్నా పైన), అంతవరకు అర్థమైంది. మొదటి రౌండ్‌లో రెండు సీడ్లు కూడితే 17 రావాలి: 1కి 16, 4కి 13, 5కి 12.

చిక్కంతా రెండో రౌండ్‌లోనే. మగవాళ్ల టోర్నీలో తటస్థ వేదికలు. ఇక్కడేమో మామూలుగా మొదటి నాలుగు సీడ్లకు తొలి రెండు రౌండ్లూ సొంత కోర్టులోనే. అంటే 5వ సీడ్ 12ను కొట్టినా, తర్వాత 4తో వాళ్ల జనం అరుపుల మధ్యే ఆడాలి. ఉన్నది ఒక్క అంకె తేడా! 5ను ముందుకు పంపాలంటే నాకు పెన్ను కదలట్లేదు.

పోనీ సొంత కోర్టునే నమ్ముకుందామంటే, 1998లో 16వ సీడ్ హార్వర్డ్ వెళ్లి 1వ సీడ్ స్టాన్‌ఫర్డ్‌ను వాళ్లింట్లోనే ఓడించింది. అప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు ముఖ్యమైన ప్లేయర్లకు గాయాలట లెండి.

ఏళ్లుగా చూస్తున్నవాళ్లు కాస్త చెప్పండి: 4, 5 మధ్య ఎంచుకునేటప్పుడు మీరు ముందు ఏం చూస్తారు? నెట్ ర్యాంకా (టీముల బలాన్ని లెక్కగట్టే ఎన్‌సీఏఏ ర్యాంకింగ్), బయటి కోర్టుల్లో గెలుపులా, గాయాలా?