పనావిడతో ఒకే బల్ల దగ్గర టీ తాగితే తప్పా?

ప్రశ్న (సర్జాపూర్ రోడ్డు): సింగపూర్‌లో ఐదేళ్లుండి మొన్న సంక్రాంతికి బెంగళూరు వచ్చేశాం. అక్కడ మా ఇంట్లోనే ఉండి బాబుని చూసుకున్న ఇండోనేషియా అమ్మాయీ, నేనూ రోజూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర టీ తాగేవాళ్లం. ఊళ్లో వదిలొచ్చిన కూతురి ఫొటోలు చూపించేది. నేను అల్లం ఎక్కువ దంచి వేస్తే ముక్కు చిట్లించేది. ఇక్కడ పనికొచ్చే మదనపల్లె ఆవిడకీ అలాగే కుర్చీ చూపించాను. కూర్చోలేదు. టీ తీసుకుని యుటిలిటీలోకి వెళ్లి, వాషింగ్ మెషీన్ పక్కన నేలమీద కూర్చుంది. మర్నాటికి మా అత్తగారు ఆవిడకో వేరే గ్లాసు తీసిపెట్టారు. "ఇలా అలవాటు చేస్తే నెత్తికెక్కుతారు" అంది పక్క ఫ్లాటావిడ. నేను చేసింది తప్పా?

జవాబు (వైట్‌ఫీల్డ్): తప్పు కాదు గానీ, ఆవిడ వైపు నుంచి కూడా చూడండి. మా పనావిడకి ఆరిళ్లు. ఇంటికి పది నిమిషాలు కూర్చుంటే గంట పోతుంది. "టీ వద్దక్కా, తొందరగా పంపించు" అని తనే చెప్పింది. పైగా చనువు పెరిగాక జీతం పెంచమని అడగాలంటే మొహమాటం. "మా ఇంటి మనిషి" అంటూనే సెలవు పెడితే డబ్బు కోసేవాళ్లని చాలామందిని చూశాను. కర్ణాటకలో ఇంటిపనికి కనీస వేతనం 2004లోనే ప్రకటించారు. మన అపార్ట్‌మెంట్లలో దాన్ని చూసి జీతం కట్టినవాళ్లు ఎంతమంది? ముందు లెక్క సరిగ్గా ఉండాలి. టీ తర్వాత.

జవాబు (బనశంకరి): మీరిద్దరూ గ్లాసు సంగతి వదిలేశారు. మా అమ్మ ఇళ్లలో పనిచేసి నన్ను చదివించింది. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. ఒక ఇంట్లో ఆమె స్టీలు గ్లాసు కిటికీలో బోర్లించి ఉండేది. మిగతావాటిలో కలవకుండా అడుగున ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టారు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించేది. అదే చేత్తో ఆ ఇంట్లో అందరి గ్లాసులూ తోమేది. మా ఇంట్లో మాత్రం అమ్మ గాజు గ్లాసులోనే టీ తాగుతుంది, ఇప్పటికీ. జీతం పెంచండి, తప్పకుండా పెంచండి. ఆ చుక్క మాత్రం జీతంతో పోదు. మీ పనావిడ కుర్చీలో ఎందుకు కూర్చోలేదో నాకు తెలుసు. ఇంకో ఇంట్లో ఎవరో ఒకసారి లేపే ఉంటారు.

ప్రశ్న అడిగినావిడ: చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక మాట దాచాను, చెప్పేస్తాను. సింగపూర్‌లో వారానికో సెలవు 2013 నుంచే ఉంది, కానీ ఇద్దరూ ఒప్పుకుంటే దానికి బదులు డబ్బివ్వొచ్చు. నేను 2022 చివరిదాకా అలా డబ్బిచ్చి ఒక్క ఆదివారం కూడా వదల్లేదు. తనకీ డబ్బే కావాలనుకున్నాను. 2023 జనవరి నుంచి నెలకొక్క సెలవైనా ఇచ్చి తీరాలన్నారు. ఆ మొదటి ఆదివారం తను పొద్దున్న ఆరింటికే తలస్నానం చేసి, కొత్త చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆ చెప్పులు ఎప్పుడు కొనుక్కుందో కూడా నాకు తెలియదు, రోజూ కలిసి టీ తాగుతూ.

అత్తగారితో మాట్లాడి ఆ గ్లాసు తీసేశాను. ఆవిడకి కోపంగానే ఉంది. రేపు పనావిడని కూర్చోమని బలవంతపెట్టను. నెలకు నాలుగు సెలవులు, జీతం కోత లేకుండా, ఏ రోజులు కావాలో అడుగుతాను. టీ మాత్రం మా అందరి కప్పుల్లోనే పోస్తాను.