నాయన డయాలసిస్ వద్దంటున్నాడు, ఆయన మాట వినొచ్చా?

బుచ్చి అమ్మాయి అడిగింది:

మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. నాయనకి 73 ఏళ్ళు, కిడ్నీలు పనిచెయ్యక నాలుగేళ్ళుగా డయాలసిస్. వారానికి మూడు రోజులు తెల్లారుజామున ఆటోలో నెల్లూరు పోతాం. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి, ఇంటికొచ్చాక ఆ రోజంతా మంచం మీదే. మర్నాడు కాస్త లేచి వసారాలో కూర్చుంటాడు. ఆ మర్నాడు మళ్ళీ ఆటో.

కనిగిరి రిజర్వాయర్ కింద మూడెకరాలు సొంతంగా చేసిన మనిషి. కాలవకి నీళ్ళొదిలారంటే రాత్రి రెండింటికైనా లేచిపోయి మడవ కట్టొచ్చేవాడు. ఇప్పుడు ఆయన తాగే నీళ్ళకి నేను కొలత పెట్టాలి. పొద్దున్నే ఒక సీసాలో పోసి పెడతాను, రోజంతటికీ అదే. మొన్న నేను గిన్నెలు తోముతుంటే కుళాయి కింద చెయ్యి పెట్టి, ఆ తడి చేత్తో పెదాలు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

ఈ నెలలో మూడుసార్లు చెప్పాడు. కోపంలో కాదు, ఏడుస్తూ కాదు, మామూలుగానే. "చాలు తల్లీ. ఇంక నన్ను ఆటో ఎక్కించొద్దు. ఆయాసమొచ్చినా గొట్టాలెయ్యనియ్యొద్దు. ఇంట్లోనే పోతాను." బెంగళూరులో ఉన్న అన్నకి ఫోన్ చేసి చెప్తే, "ఆయనకేం తెలుసు, నువ్వు మాన్పిస్తే చంపినట్టే" అన్నాడు. అన్న చెడ్డవాడు కాదు, ఇన్నాళ్ళూ డబ్బు పంపింది వాడే. కానీ ఆ మాట నన్ను నిద్రపోనివ్వట్లేదు.

వద్దనే హక్కు నాయనకి ఉందా? ఆయన మాట విన్నందుకు మామీద కేసవుతుందా? అన్నిటికంటే ముఖ్యం, మానేస్తే ఆయన బాధపడతాడా? ఈ పని చేసినవాళ్ళు, చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఒంగోలు సిస్టర్:

అమ్మా, నేను పదకొండేళ్ళుగా డయాలసిస్ యూనిట్లో చేస్తున్నాను. ముందు ఒక మాట. నాయన "చాలు" అన్నప్పుడు ఏది చాలు అంటున్నాడో కూర్చుని అడగండి. మిషన్ మీద మూడో గంటలో బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి అరిచేవాళ్ళని రోజూ చూస్తాను. అలా నరకం చూసినవాళ్ళు వద్దంటారు. నీళ్ళు మరీ వేగంగా లాగకుండా, మిషన్లో ద్రవం కాస్త చల్లగా పెడితే, ఒంట్లో ఎక్కువైన నీరు పోయాక ఉండాల్సిన బరువు లెక్క సరిచేస్తే చాలామందికి తగ్గుతుంది. హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి. మనసు కుంగిపోయి ఉన్నా ఇదే మాట వస్తుంది, దానికి మందులున్నాయి. ఇవన్నీ చూశాక కూడా అదే మాట మీదుంటే, అది ఆయన నిర్ణయం.

మానేస్తే ఏమవుతుందని అడిగారు. సాధారణంగా వారం, పది రోజులు. ఒంటేలు ఇంకా వస్తుంటే ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు. మెల్లగా మగత కమ్ముతుంది, నిద్ర ఎక్కువవుతుంది, ఆకలి పోతుంది. చాలామంది ఆ మగతలోనే వెళ్ళిపోతారు. ఇబ్బంది పెట్టేవి దురద, వాంతి వచ్చినట్టుండటం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం. వీటన్నిటికీ మందులున్నాయి, కానీ మానేయక ముందే డాక్టర్‌తో రాయించుకుని ఇంట్లో పెట్టుకోవాలి. రాత్రి ఒంటిగంటకి ఆయాసమొస్తే అప్పుడు వెతుక్కుంటే దొరకవు, భయపడి అంబులెన్స్ పిలిచేస్తారు. ఇంకొకటి, నొప్పికి, ఆయాసానికి ఇచ్చే మార్ఫిన్ ఒంట్లో విరిగి తయారయ్యే పదార్థాలు కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళలో బయటికిపోక పేరుకుంటాయి. ఎవరో వాడారు కదా అని వాడొద్దు, ఫెంటానిల్ లాంటివి చూడమని డాక్టర్‌ని అడగండి.

చీమకుర్తి:

నేను ఒప్పుకోను. మా మామ కూడా పోయిన సంవత్సరం ఇదే మాటన్నాడు. రక్తం ఎక్కించి, ఇంజెక్షన్లు మార్చాక సంక్రాంతికి మనవడి చెయ్యి పట్టుకుని కోళ్ళ పందెం చూసొచ్చాడు. ఇప్పుడు ఆయనకే గుర్తులేదు ఆ మాటన్నట్టు. పెద్దవాళ్ళు మనకి భారమవుతున్నామనుకుని అంటారమ్మా. రెండు నెలలు ఆగండి.

నెల్లూరు కోర్టు దగ్గర నోటరీ:

చట్టం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇందులో రెండు వేరువేరు విషయాలు కలిసిపోతున్నాయి.

మీ నాయన తెలివిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. అలాంటి మనిషి ఏ చికిత్స వద్దన్నా అది ఆయన హక్కు. ఏ డాక్టర్ల బోర్డూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గౌరవంగా చనిపోయే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి 2018 మార్చి 9న చెప్పింది. డయాలసిస్ మానడం ఆత్మహత్య కాదు, మీరు ఒప్పుకోవడం చంపడం కాదు. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తియ్యడం మన దేశంలో ఇప్పటికీ నేరమే. మీ అన్న ఈ రెంటినీ ఒకటనుకుంటున్నారు.

ఇక రెండోది. రేపు ఆయనకి తెలివి తప్పి, ఎవరో ఐసీయూలో చేర్చితే? అప్పుడు మాట్లాడటానికి ఆయన ముందే రాసిన కాగితం కావాలి. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. 2018లో పెట్టిన పద్ధతి మహా కష్టం. కాగితం మీద మేజిస్ట్రేట్ సంతకం, తర్వాత కలెక్టర్ వేసే బోర్డు, మేజిస్ట్రేట్ స్వయంగా ఆస్పత్రికొచ్చి చూడటం. 2023 జనవరిలో సుప్రీంకోర్టే దాన్ని సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ధ్రువీకరిస్తే సరిపోతుంది. సాక్షులు బయటివాళ్ళయితే మంచిది. తన తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళుగా ఒకరికంటే ఎక్కువమందిని రాయొచ్చు. మీ అన్న పేరు, మీ పేరు రెండూ పెట్టించండి. కాపీ ఒకటి డాక్టర్‌కి, ఒకటి పంచాయతీకి. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఐసీయూ దాకా పోతే మాత్రం ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒకటి, దానిపైన డీఎంహెచ్ఓ, అంటే జిల్లా వైద్యాధికారి, పంపే డాక్టర్ ఉన్న రెండో బోర్డు ఒకటి చూడాలి. చెరి 48 గంటల్లో తేల్చాలన్నారు. మేజిస్ట్రేట్‌కి తెలియజేస్తే చాలు.

కావలి నుంచి ఒకడు:

నాకు చట్టం తెలియదు, మందులు తెలియవు. మా అమ్మ సంగతి చెప్తాను.

పక్షవాతం రెండోసారి వచ్చినప్పుడు ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్చాం. అమ్మ అంతకుముందే చెప్పింది, "నన్ను అద్దాల గదిలో పెట్టొద్దురా" అని. నేను "సర్లేమ్మా, నీకేం కాదు" అని కొట్టిపారేశాను. పద్దెనిమిది రోజులు అద్దాల గదిలోనే ఉంది. రోజుకి పది నిమిషాలు లోపలికి పంపేవాళ్ళు. గొట్టం పీకేసుకుంటుందని రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టారు. ముడి కింద చర్మం ఎర్రగా కమిలి ఉండేది. నేను ఆ ముడిని కాస్త వదులు చేసి, వచ్చేటప్పుడు మళ్ళీ బిగించి వచ్చేవాణ్ణి. నా చేతుల్తోనే. రోజూ ఏదో కాగితం తెచ్చేవాళ్ళు, చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి. వద్దు అని చెప్పే చోటు ఆ కాగితాల్లో ఉందో లేదో కూడా చూడలేదు.

అమ్మని అడిగే టైము నాకుండింది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉండింది. మీ నాయన నోటితో చెప్తున్నాడు, మీరు వింటున్నారు. మీ అన్నకి ఫోన్లో కాదు, పిలిపించి ఆయన పక్కన కూర్చోబెట్టండి.

బుచ్చి అమ్మాయి (ఇరవై రోజుల తర్వాత):

అందరికీ నమస్కారం. సిస్టర్ చెప్పినవి డాక్టర్‌ని అడిగాను. బరువు లెక్క మార్చారు. పిక్కలు పట్టడం తగ్గింది, నిజంగా తగ్గింది. చీమకుర్తి అన్నా, మీరన్నది కొట్టిపారెయ్యలేదు, అందుకే వెంటనే ఏదీ చెయ్యలేదు. డయాలసిస్ వాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పెన్షన్ కోసం ముసలాయన్ని మిషన్ మీద పెడుతున్నారని మా చుట్టాల్లో ఒకరన్నారు, ఆ డబ్బు పోతే పోనీ.

పోయిన ఆదివారం అన్న వచ్చాడు. నాయన ఎడం చేతిని వాడి చేతిలో పెట్టాడు, డయాలసిస్ కోసం నరం కలిపిన చోట. అక్కడ వేలు పెడితే లోపల గుయ్యిమని తిరుగుతుంటుంది. నాలుగేళ్ళలో అన్న దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. నాయన అన్నాడు, "ఎడగారు కోత, ఈ రెండో పంట కోత అయ్యిందాకా వస్తానురా నెల్లూరికి. కోత చూడాలని ఉంది. ఆ తర్వాత మాత్రం మీరు అడగొద్దు, నేను చెప్పను." అన్న వసారా దిగి చాలాసేపు బయట నిలబడ్డాడు. లోపలికొచ్చి, కాగితంలో తన పేరు కూడా రాయమన్నాడు.

నోటరీ గారి పద్ధతిలోనే రాయించాం. సాక్షులు పక్కింటి మాస్టారు, రైస్ మిల్లు గుమాస్తా. సంతకానికి ముందు నాయన మొత్తం తెలుగులో చదివించుకున్నాడు. చివర్లో "నా స్వగృహమందు" అని ఉంటే ఆపమన్నాడు. "ఇంట్లో అంటే లోపలి గదిలో పడుకోబెడతారు, అక్కడ గాలాడదు. వసారా అని రాయండి." ఆ మాట కొట్టేసి వసారా అని రాసి, పక్కన సంతకం పెట్టించాం.

బుచ్చి, కోవూరు వైపు ఇంటికొచ్చి చూసే నర్సులు ఎవరైనా తెలిస్తే చెప్పండి. కోతకి ఇంకా రెండు నెలలుంది, ఇప్పట్నుంచే మాట్లాడి పెట్టుకుంటాం.