మొదటిసారి పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను: 14 మంది, 3 బంతులు, ఆరు వారాలు

హన్మకొండ_నాన్న:
మా బాబు చదివే బడిలో పీఈటీ సార్ మానేశారు. కాలేజీలో ఆడానని తెలిసి పిల్లల్ని నన్ను చూడమన్నారు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లు 14 మంది, అందులో ఐదుగురు ఆడపిల్లలు. మొదటి రోజు లేఅప్ (పరుగెత్తుతూ వచ్చి రింగు దగ్గర బంతి వేయడం) నేర్పిద్దామని అందరినీ ఒకే లైన్లో నిలబెట్టాను. గంటసేపట్లో ఒక్కొక్కరికి నాలుగైదు సార్లకు మించి బంతి అందలేదు. వెనక ఉన్నవాళ్లు మట్టిలో గీతలు గీస్తూ కూర్చున్నారు. అది చూసి చాలా బాధేసింది. ఉన్నవి మూడు బంతులు, మూడూ 7 సైజువే. ఆరు వారాల్లో పక్క స్కూల్‌తో మ్యాచ్ ఉంది. మొదట ఏం నేర్పాలి? ఏ ప్లే (ఎత్తుగడ) పెట్టాలి? గేటు దగ్గర నిలబడి అరిచే తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలి?

పరకాల_పీఈటీ:
సార్, ముందు 5 సైజు బంతులు తెప్పించండి. మిగతావన్నీ ఆ తర్వాతే. 7 సైజు చుట్టుకొలత 75 సెంటీమీటర్ల పైనే, బరువు 600 గ్రాముల దగ్గర. తొమ్మిదేళ్ల పిల్లాడి చెయ్యి దాని కిందికి పోదు. నడుము దగ్గర నుంచి రెండు చేతులతో విసురుతాడు, అదే అలవాటైపోతుంది. ఎనిమిదో తరగతిలో నా దగ్గరకొచ్చిన పిల్లలకు ఆ అలవాటు మాన్పించడానికి ఏడాది పట్టింది. 5 సైజు అర కిలో లోపే ఉంటుంది. చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రిమ్ (రింగు) ఎత్తు కూడా 3.05 మీటర్లు కాదు, 2.60 మీటర్లే. మన స్తంభాలు దించలేం కాబట్టి కనీసం బంతైనా మార్చాలి.

ఖని_గార్డ్:
నేను ఒప్పుకోను. గోదావరిఖనిలో మేమంతా ఏడో సైజుతోనే నేర్చుకున్నాం. సిమెంటు కోర్టు మీద అరిగి నున్నగైన రబ్బరు బంతి అది. చేతుల్లో బలం దానితోనే వచ్చింది. చిన్న బంతితో అలవాటు పడ్డవాడు మ్యాచ్‌లో పెద్ద బంతి ఇస్తే ఏం చేస్తాడు?

పరకాల_పీఈటీ:
అన్నా, మీరు నేర్చుకున్నారు, కాదనను. మీతో పాటు మొదలుపెట్టి నెలలోపే మానేసిన వాళ్లు ఎంతమంది? వాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు 6 సైజు ఎందుకు పెట్టారు? పెద్దవాళ్లకే చేతిని బట్టి బంతి ఉన్నప్పుడు పిల్లలకు ఉండొద్దా?

ఖని_గార్డ్:
మానేసిన వాళ్లు బంతి వల్ల మానలేదు. ట్యూషన్ల వల్ల మానేశారు. మైదానంలో పదిహేనేళ్లు గడిపినవాడికి నువ్వు లెక్కలు చెప్పకు.

కాజీపేట_అక్క:
మీ ఇద్దరూ బంతి దగ్గరే ఆగిపోయారు. ఆ ఐదుగురు ఆడపిల్లల గురించి ఒక్కరైనా అడిగారా? మా పాప ఆరో తరగతిలో వాళ్ల టీమ్‌లో బాగా ఆడేది. మిక్స్‌డ్ ప్రాక్టీస్‌లో మగపిల్లలు దానికి పాస్ ఇచ్చేవాళ్లు కాదు. సార్ చూసి కూడా ఏమీ అనలేదు. ఏడో తరగతిలో షార్ట్స్ వేసుకోనంది, ఎనిమిదిలో మానేసింది. ఈ ఆట 1891 డిసెంబర్‌లో పుడితే, 1892లోనే సెండా బెరెన్సన్ అమెరికాలో ఆడపిల్లలకు నేర్పించారు. అంటే మొదటి నుంచీ ఇది వాళ్ల ఆట కూడా. అన్నా, షార్ట్స్ కింద లెగ్గింగ్స్ వేసుకోవచ్చని మొదటి రోజే అందరి ముందు చెప్పండి. బాత్‌రూమ్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఇది చిన్న విషయం కాదు.

హన్మకొండ_నాన్న:
అక్కా, తాళం సంగతి నాకు తట్టనేలేదు. రేపే అడుగుతాను.

ఎన్ఐఎస్_సర్టిఫైడ్:
పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ)లో ఆరు వారాల కోర్సు చేసినవాడిగా చెబుతున్నాను, ఇక్కడ అసలు విషయం ఎవరూ ముట్టుకోలేదు. లేఅప్ నేర్పేముందు ట్రావెలింగ్ నియమం, అంటే బంతి పట్టుకుని ఎన్ని అడుగులు వేయొచ్చో తెలియాలి. 2017 అక్టోబర్ నుంచి ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా దాన్ని మార్చింది. పరుగులో బంతి చేతికి చిక్కేటప్పుడు నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు, దాన్నే జీరో స్టెప్ అంటారు. ఆ తర్వాత పడేది మొదటి అడుగు, దాని తర్వాతిది రెండోది. మన జిల్లాలో ఇప్పటికీ కొందరు పాత పద్ధతిలోనే విజిల్ వేస్తున్నారు.

పరకాల_పీఈటీ:
సార్, తొమ్మిదేళ్ల పిల్లలకు జీరో స్టెప్పా? ముందు ఆగడం రావాలి. రెండు కాళ్లూ ఒకేసారి ఆన్చి ఆగడం, ఒక కాలు కదలకుండా పివట్ తిరగడం. ఈ రెండూ వస్తే సగం ట్రావెలింగ్ దానంతటదే పోతుంది.

ఎన్ఐఎస్_సర్టిఫైడ్:
తప్పు నేర్పి తర్వాత సరిదిద్దడం కన్నా మొదటే సరిగ్గా నేర్పాలి. చదివినవాళ్లు చెబితే వినండి.

ఖని_గార్డ్:
కోర్సు ఆరు వారాలే. ఆట ఆరు వారాలది కాదు.

ములుగు_రోడ్డు:
కొట్లాట ఆపండి, అతను లైన్ గురించి అడిగాడు. నేను రెండేళ్లుగా ఇలా చేస్తున్నా. 14 మంది, రెండు రిమ్‌లు. ఒక్కో రిమ్ కింద ముగ్గురి మీద ముగ్గురు, అంటే 12 మందికి రెండు బంతులు సరిపోతాయి. మిగిలిన ఇద్దరూ మూడో బంతితో పక్కన డ్రిబుల్ చేస్తుంటారు (బంతిని నేలకేసి కొడుతూ కదలడం). మూడు నిమిషాలకోసారి మార్చండి. ఎవరూ ఖాళీగా కూర్చోరు. మొదటి పది నిమిషాలు దొంగ పోలీస్ ఆడించండి, దొంగల చేతిలో బంతి. తల ఎత్తి డ్రిబుల్ చేయడం వాళ్లకే వస్తుంది. మన ఊళ్ల పిల్లలకు డిఫెన్స్ నేర్పడం చాలా సులువు. కబడ్డీలో రైడర్ లోపలికొచ్చినప్పుడు ఎలా వంగి కాళ్లు జరుపుతారో అలా నిలబడమంటే చాలు, స్టాన్స్ (నిలబడే తీరు) వచ్చేస్తుంది. నేను వారం రోజులు చెప్పినా రానిది ఆ ఒక్క మాటతో వచ్చింది.

మంచిర్యాల_32:
జోన్ (ఒక్కొక్కరు ఒక్కో చోటు కాచే డిఫెన్స్) మాత్రం పెట్టకండి. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడే 2-3 జోన్‌తో చిన్నపిల్లల మ్యాచ్ గెలవొచ్చు, ఎందుకంటే ఆ వయసులో దూరం నుంచి ఎవరూ వేయలేరు. మా బాబు రెండేళ్లు అలాగే గెలిచాడు. అండర్-14 సెలక్షన్‌కు వెళ్తే ఎదుటి పిల్లాడిని ఆపడం చేతకాలేదు. మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఎదుటివాళ్లలో ఒకరిని కాయడం) ఒక్కటే నేర్పండి, ఓడినా సరే. ఇంకో మాట. మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అన్న పిల్లాడితో దూకించకండి. ఎత్తు పెరిగే వయసులో అక్కడే లాగుతుంది. మేము బద్ధకం అనుకున్నాం, డాక్టర్ చెప్పాక తెలిసింది.

ఖని_గార్డ్:
ఇది మాత్రం నిజం. జోన్ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో అయితే పొద్దున ఎనిమిది దాటాక సిమెంటు మీద నిలబెట్టకండి.

హన్మకొండ_నాన్న:
ములుగు రోడ్డు అన్న చెప్పినట్టే ఈ ఆదివారం చేశాను. గంటన్నరలో ఒక్కరూ కూర్చోలేదు. కబడ్డీ మాట చెప్పగానే ఇద్దరు ఆడపిల్లలు అందరికన్నా బాగా నిలబడ్డారు. పాస్ ఇవ్వని వాడు రెండు నిమిషాలు బయట ఉండాలని పెట్టాను, అక్కా. తాళం ఇప్పుడు నా దగ్గరే ఉంది. తల్లిదండ్రుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక నాన్నగారు లోపలికొచ్చి వాళ్లబ్బాయిని షూట్ చెయ్, షూట్ చెయ్ అని గదుముతున్నారు.

ములుగు_రోడ్డు:
ఆయన చేతికి స్కోర్‌షీట్ ఇవ్వండి. ఎవరెవరు ఎన్ని పాస్‌లు ఇచ్చారో రాయమనండి. నా దగ్గర ఒకాయన ఇప్పుడు అందరి పిల్లల పేర్లూ పిలుస్తాడు.

కాజీపేట_అక్క:
బతుకమ్మ సెలవులకు పిల్లలు ఊళ్లకు వెళ్తారు, ఆ పది రోజులు లెక్కలోంచి తీసేయండి. పిల్లలు రాలేదని వాళ్ల మీద కోప్పడకండి.

పరకాల_పీఈటీ:
సార్, మా స్టోర్ రూమ్‌లో 5 సైజు బంతులు నాలుగున్నాయి. రంగు పోయింది కానీ గాలి నిలుస్తుంది. మా హెడ్‌మాస్టర్‌ను అడిగాను, మ్యాచ్ వరకు వాడుకోమన్నారు. శనివారం హన్మకొండ వస్తున్నా, పొద్దున స్టేడియం గేటు దగ్గర ఇస్తాను.

ఖని_గార్డ్:
తీసుకో తమ్ముడూ, చిన్నవాళ్లకు ఇవ్వు. పన్నెండేళ్ల మగపిల్లలకు మాత్రం పెద్ద బంతే. ఆ మాట నేను మార్చను.