ప్రేరణకు మార్కులేసి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొచ్చా?

హొరమావు_నాన్న:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం, బెంగళూరు వచ్చి 12 ఏళ్ళు. మా పాపకు 13 ఏళ్ళు, నాలుగేళ్ళుగా షటిల్ ఆడుతోంది. పోయిన నెల అకాడమీలో పిల్లలందరి చేతా 60 ప్రశ్నల ఫారం నింపించారు. స్వభావం, ప్రేరణ ఎంతున్నాయో కొలుస్తారట. ఒక్కో వాక్యానికి ఎదురుగా 1 నుంచి 5 దాకా అంకెలు. నీకు ఎంత వర్తిస్తుందో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టాలి. అన్నీ వాళ్ళ యాప్‌లోకి ఎక్కించారు. వారం తిరక్కుండా వాట్సాప్‌లో వచ్చింది: ప్రేరణ 100కి 54. పొద్దున్న అయిదున్నర బ్యాచ్ నుంచి తీసేసి సాయంత్రం బ్యాచ్‌లో వేశారు. ఎందుకని అడిగితే ఆ అంకే చూపించారు.

ఫారం జిరాక్స్ తెచ్చుకుని, పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. "నేను పర్సిస్టెంట్" (పట్టుదల ఉన్నదాన్ని) అన్న వాక్యం దగ్గర 1 చుట్టి ఉంది. వాన పడుతున్నా సరే, స్కూటర్ తియ్యి నాన్నా అని నన్ను లేపే పిల్ల అది. ఇదేంటమ్మా అంటే, ఆ మాటకు అర్థం తెలీక అసిస్టెంట్ కోచ్‌ను అడిగిందట. ఆయన కన్నడంలో "హట" అన్నారట, అంటే మొండిపట్టు. ఇంట్లో వాళ్ళ నానమ్మ రోజూ తిట్టేది ఆ మాటకే, "ఆడపిల్లకు అంత హటం పనికిరాదు" అని. "అందుకే నాకు లేదని పెట్టాను నాన్నా" అంది.

నాకు చాలా కోపంగా ఉంది. అయినా ఇలాంటి ఫారాలను సమర్థించేవాళ్ళ మాట కూడా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

బెళ్ళందూరు_అమ్మ:
అన్నగారూ, మీ బాధ అర్థమైంది. కానీ నేను ఫారం పక్షమే. మా బాబు ఆడే చోట నాలుగు కోర్టులు, పొద్దున్న బ్యాచ్ కావాలనేవాళ్ళు 40 మంది. ఎవరినో ఒకరిని ఆపక తప్పదు. ఇదివరకు ఎలా ఆపేవాళ్ళు? కోచ్‌కు ఎవరు కళ్ళబడితే వాళ్ళకి చోటు, ఎవరి నాన్న రోజూ పలకరించి వెళితే వాళ్ళకి చోటు. మావాడు నోరు విప్పి మాట్లాడడు. ఆసక్తి లేదని రెండేళ్ళు వెనక కోర్టులోనే ఉంచారు. ఫారం పెట్టాకే ఆ మాట తప్పని తేలింది. కాగితానికి మొహమాటం ఉండదు. మీ పాప విషయంలో తప్పు నింపించిన తీరులో ఉంది. ఫారం పెట్టడమే తప్పంటే నేను ఒప్పుకోను.

పీఈటీ_మాస్టారు:
అమ్మా, కోచ్ కంటి గురించి మీరన్నది నిజం. 22 ఏళ్ళుగా స్కూల్లో ఆటలు చెప్తున్నాను, నా కన్ను నన్ను ఎన్నిసార్లు మోసం చేసిందో నాకు తెలుసు. వయసు కటాఫ్ జనవరి 1 అయితే, జనవరిలో పుట్టిన పిల్లకీ డిసెంబరులో పుట్టిన పిల్లకీ పదకొండు నెలల తేడా. పెద్దపిల్ల పొడుగ్గా, బలంగా ఉంటుంది. మనం దాన్నే ప్రతిభ అనుకుంటాం. కెనడా ఐస్ హాకీ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువని బార్న్స్‌లీ అనే ఆయన 1985లోనే చూపించాడు.

నేనూ ఒక ఫారం వాడతాను. టీఈఓఎస్‌క్యూ (టాస్క్ అండ్ ఈగో ఓరియెంటేషన్ ఇన్ స్పోర్ట్ క్వశ్చనెయిర్) అంటారు, 13 వాక్యాలే. "ఆటలో నేను బాగా చేశానని నాకెప్పుడు అనిపిస్తుందంటే" అని మొదలవుతుంది. ఏడు వాక్యాలు నేర్చుకోవడం, కష్టపడటం గురించి. ఆరు వాక్యాలు పక్కవాళ్ళను మించడం గురించి. లాంగ్ జంప్ చేసే ఒకమ్మాయి ఆ ఆరింటికీ 5 పెట్టి, ఏడింటికీ 1, 2 పెట్టింది. పిలిచి మాట్లాడితే తెలిసింది: వాళ్ళ అక్క జిల్లా పతకాలు తెచ్చిందట, ఇంట్లో రోజూ ఆ పోలికే. ఆ రోజు నుంచి నోటీసు బోర్డు మీద దూరాలు వరసగా రాయడం మానేశాను. ఎవరి దూరం వాళ్ళ నోట్‌బుక్కులో. ఆ కాగితంతో నేను చేసింది అంతే. దాన్ని బట్టి ఎవరినీ తీసెయ్యలేదు.

ఇందిరానగర్_సైకాలజిస్ట్:
ఈ తగవు పాతదే. 1960ల చివర్లో అమెరికాలోని శాన్ హోసేలో బ్రూస్ ఒగిల్వీ, థామస్ టుట్కో అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అథ్లెటిక్ మోటివేషన్ ఇన్వెంటరీ అని 190 ప్రశ్నల పరీక్ష తెచ్చారు. తపన, పట్టుదల, ఆత్మవిశ్వాసం, కోచ్ మాట వినే గుణం, ఇలా 11 లక్షణాలకు మార్కులు. ప్రొఫెషనల్ జట్లు కూడా వాడాయి. తర్వాత 1991లో డేవిస్ అనే పరిశోధకుడు, ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) ఎంపికకు అర్హులైన 600 మందికి పైగా ఐస్ హాకీ ఆటగాళ్ళ మార్కులు తీసి చూశాడు. వాళ్ళ మానసిక బలానికి స్కౌట్లు, అంటే జట్ల కోసం ఆటగాళ్ళను వెతికేవాళ్ళు, ఇచ్చిన రేటింగుల్లో ఒకరికీ ఇంకొకరికీ ఉన్న తేడాల్లో 4 శాతాన్ని కూడా ఆ మార్కులు వివరించలేకపోయాయి. స్వభావం అనేది లేదని కాదు. వందల మందిని కలిపి చూస్తే కొన్ని పోకడలు కనబడతాయి. ఒక్క పిల్లను ముందు నిలబెట్టి, ఈమె రేపు ఎలా ఆడుతుందో చెప్పమంటే ఆ కాగితం చెప్పలేదు.

నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించింది ఆ "100కి 54". ప్రేరణను అలా కూడటం కుదరదు. 1995లో పెల్టియే బృందం తెచ్చిన స్పోర్ట్ మోటివేషన్ స్కేల్‌లో 28 వాక్యాలు, ఏడు రకాలు. కొత్తది నేర్చుకునే సంతోషం ఒకటి, సాధించిన తృప్తి ఒకటి, ఆడుతుంటే ఒంట్లో పుట్టే ఉత్సాహం ఒకటి. ఇది నాకు మేలు చేస్తుందన్న నమ్మకం మరొకటి. ఆడకపోతే తప్పు చేసినట్టు ఉండటం ఇంకొకటి. మెప్పు కోసం ఆడటం వేరు. చివరిది, అసలెందుకు ఆడుతున్నానో తెలియకపోవడం. ఒక పాప "ఆడుతుంటే బాగుంటుంది"కి 5, "మానేస్తే అమ్మానాన్నల డబ్బు దండగ"కి 2 పెట్టిందనుకోండి. ఇంకో పాప సరిగ్గా తిరగేసి పెట్టింది. ఇద్దరికీ 7 మార్కులే. ఇద్దరూ ఒకటేనా?

అదే బృందం 369 మంది ఈతగాళ్ళను 22 నెలలు వెంబడించి 2001లో ఫలితాలు అచ్చువేసింది. మానేస్తే తప్పు చేసినట్టు ఉంటుందన్న భావనతో ఈదేవాళ్ళు మొదటి 10 నెలలూ నిలబడ్డారు. 22 నెలలకు వచ్చేసరికి ఆ భావన వాళ్ళను ఈతలో నిలపలేకపోయింది. ఇష్టంతో ఈదినవాళ్ళు అప్పటికీ నీళ్ళలోనే ఉన్నారు. మన పిల్లలు పదో తరగతికి రాగానే రాకెట్ అటక మీదికి ఎక్కడం చూసినప్పుడల్లా నాకు ఆ ఈతగాళ్ళే గుర్తొస్తారు.

హొరమావు అన్నగారూ, ఇంకో మాట. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మీ సంతకం తీసుకున్నారా?

బెళ్ళందూరు_అమ్మ:
మేడమ్, మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. మా బాబు ఫారంలో ఏ వాక్యానికి ఎంత పెట్టాడో నేను చూడనే లేదు, మొత్తం మార్కులే చూశాను. సరే. మరి ఆ 40 మందిలోంచి 16 మందిని ఎలా ఎంచుకోవాలి?

పాత_స్పైక్స్:
నేను 400 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. 16 ఏళ్ళప్పుడు ఒక హాస్టల్లో ఇలాంటి ఫారమే ఇచ్చారు, పెన్సిల్‌తో నింపమన్నారు. "నొప్పి ఉన్నా పరుగు ఆపను" అన్న వాక్యానికి 2 పెట్టాను. అప్పటికే మోకాలి కింద ఎముక సలుపుతోంది, నిజమే పెట్టాను. పక్క కుర్రాడు "ఇది ఎవరు చూస్తారు సార్?" అని అడిగాడు. "సెలక్టర్లు" అన్నారు. గదిలో ఒక్కసారిగా రబ్బర్ల చప్పుడు. నేనూ 2 చెరిపి 5 చేశాను. గట్టిగా రుద్దితే కాగితం అక్కడ పలచబడి పోగులు లేచింది. ఆ మచ్చ ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

రెండు నెలలకు స్ట్రెస్ ఫ్రాక్చర్, ఎముకలో సన్నటి పగులు. పరుగు ఆపుతానని నేను అడిగిన రోజు కోచ్ అన్న మాట: "నువ్వే కదరా 5 పెట్టావు." ఎంపిక కోసమని చెబితే ఏ పిల్లవాడూ నిజం రాయడండి. రాసినవాడే నష్టపోతాడు.

ఇందిరానగర్_సైకాలజిస్ట్:
అన్నా, మీరు రాసింది నా క్లాసులో చెప్పుకుంటాను, పేరు లేకుండా.
అమ్మగారూ, నన్నడిగితే ఆటనే చూసి ఎంచుకోవాలి. మూడు నెలల మ్యాచ్‌లు, ఫుట్‌వర్క్, హాజరు. ఒకరు కాకుండా ఇద్దరు కోచ్‌లు విడివిడిగా మార్కులు వెయ్యాలి. పుట్టిన నెల పక్కన రాసుకోవాలి. ఫారం విడిగా, పిల్లతో మాట్లాడటానికి.

బెళ్ళందూరు_అమ్మ:
హాజరు అంటే సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి వచ్చే పిల్లలకు మళ్ళీ అన్యాయమే. మీరు చెప్పే పద్ధతిలోనూ నోరు లేనివాడు వెనకబడతాడేమో అని నా భయం. ఇద్దరు కోచ్‌ల సంగతి మాత్రం బాగుంది. మీటింగులో అడుగుతాను.

హొరమావు_నాన్న:
ఆదివారం హెడ్ కోచ్‌ను కలిశాను. "హట" సంగతి చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ అంకెను పక్కన పెడతామని మాత్రం అనలేదు. నెలాఖరు దాకా మ్యాచ్‌లు కూడా చూసి చెప్తామన్నారు. నా సంతకం ఎవరూ తీసుకోలేదు మేడమ్. యాప్‌లోంచి పాప వివరాలు తీసెయ్యమని రాసిచ్చి వచ్చాను.

ఇంటికొచ్చి ఫారం ఊసెత్తకుండా, ఎందుకు ఆడతావమ్మా అని అడిగాను. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను. "నెట్ దగ్గర డ్రాప్ వేస్తాననుకుని అవతలి పిల్ల ముందుకొచ్చేస్తుంది కదా నాన్నా, అప్పుడు వెనక్కి లేపుతాను. ఆ పిల్ల అక్కడే ఆగిపోతుంది. అది భలే ఉంటుంది" అంది.

అమ్మగారూ, మీ బాబు ఏమంటాడో కూడా అడిగి ఇక్కడ రాస్తారా?